బండిలో దాచిన ఢావ్లో

ఇటు దగ్గరకు జరిగి కూర్చో తల్లీ, అంత దూరాన కూర్చుంటే నా గొంతు నీదాకా రాదు. ఆ పల్లీల చాట కూడా ఇటు తోయి, ఒలుచుకుంటూ చెబుతాను. ఇల్లందు అవతల అడవంచు తండాలో బలరాం అనే డ్రైవరు ఉన్నాడు. వాడు తన బండిలో కట్టుకున్న పాటల కంప్యూటర్ సంగతీ, అందులో చేరి మాయమైన వాళ్లమ్మ గొంతు సంగతీ నువ్వు వినాలి.

బలరాంది పాత టవేరా. పెళ్లిళ్లకూ మొక్కులకూ భద్రాచలం దాకా, అటు అశ్వారావుపేట దాకా కిరాయికి తిప్పుతాడు. అడవి దారిలో రేడియో అందదు, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. ఎక్కినవాళ్లంతా "పాటల్లేవా బలరాం" అని అడగడమే. కొత్త కార్లలో ఉండే తెర తన బండిలోనూ ఉండాలని వాడికి పట్టుకుంది. కొని పెట్టించుకుంటే ఒక పూట పని. కానీ ఐటీఐలో కరెంటు పని నేర్చిన చెయ్యి కదా, ఊరుకుంటుందా, తానే కట్టాలన్నాడు.

ఖమ్మంలో పాత సామాన్ల కొట్లో అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు దొరికింది. వేలితో తాకితే పలికే తెర ఒకటి తెచ్చాడు. బ్యాటరీ కరెంటును ఆ బోర్డు తట్టుకునేంతకు తగ్గించే చిన్న డబ్బా తెచ్చాడు. అద్దం పక్కన మైకు, నాలుగు తలుపుల్లో నాలుగు స్పీకర్లు. పాటలూ, కంప్యూటర్ బుద్ధీ అంతా చిటికెన వేలి గోరంత మెమరీ కార్డులోనే ఉంటుందట. పాత టేప్ పీకేసి, ఆ కంతలో తెర పట్టేందుకు కూరగాయల కత్తిని పొయ్యిలో కాల్చి డాష్‌బోర్డు కోశాడు. ఆ కత్తి కోసం వాడి భార్య కమ్లి ఇల్లంతా వెతికింది.

"ఇంట్ల ఫ్యాన్ తిరగక నెలాయె. ఈయనేమో బండికి సినిమా హాలు కడుతుండు," అంది.

"ఫ్యానుకు కిరాయి ఎవడిస్తడే," అన్నాడు బలరాం.

తెర వెలిగింది కానీ, ఇంజను గట్టిగా తిరిగినప్పుడల్లా స్పీకర్లలో దోమ మోత. తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాడు, పోలేదు. చివరకు సీటు కింద రంగు గీకి, ఎర్త్ తీగను బండి ఇనుముకే బిగిస్తే మోత ఆగింది. ఆ రోజు వాడి మొహం చూడాలి, పెళ్లికొడుకు మొహమే.

ఖమ్మంలో కార్లకు వైరింగ్ చేసే అనిల్‌కుమార్ వాడికి ఐటీఐ దోస్తు. వచ్చి చూసి భుజం తట్టాడు. తట్టి ఒక మాటన్నాడు.

"అంతా మంచిగనే ఉందిరా. గని దీనికి కరెంటు తాళంచెవి నుంచే ఇచ్చినవ్. చెవి తీయంగనే దీని ఊపిరి ఆగుతది. కంప్యూటర్ అంటే పండుకునేటందుకు కొంచెం టైం ఇయ్యాలె. బ్యాటరీ నుంచి లైన్ గుంజి, నడుమ టైమర్ పెట్టు. లేకుంటే ఏదన్న రాసుకునేటప్పుడు ఆగిందనుకో, కార్డు మొత్తం ఖరాబైతది."

"పెడత తియ్యిరా. ఇన్ని దినాలు పోలేదు గద."

"పొయ్యేదాక ఏదైనా పోదు," అన్నాడు అనిల్‌కుమార్.

ఇప్పుడు వాళ్లమ్మ పూలి సంగతి. తండాలో పెళ్లయిన పిల్ల అత్తారింటికి కదిలేటప్పుడు అయినవాళ్ల మెడ పట్టుకుని ఢావ్లో పాడుతుంది. ఏడుపే, కానీ ఉత్త ఏడుపు కాదు. తండ్రి గడపనూ, మేకలనూ, నీళ్లు తాగిన చెలమనూ పేరుపేరునా తలుచుకుని, నేను పోయినా ఈ ఇల్లు చల్లగా ఉండాలని దీవిస్తుంది. పెళ్లికి ముందు పెద్దవాళ్లు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతారు. చుట్టుపక్కల తండాలకు నేర్పే మనిషి పూలి. వెనకట పిల్లను ఎద్దు మీద నిలబెట్టి పాడించేవారు. ఇప్పుడు ఎద్దులెక్కడివి, కారు తలుపు తీసి మెట్టు మీద నిలబెడుతున్నారు. ఆ తండాలో ఇంకో కట్టుబాటు ఉంది. పాటకు ముందు తండా పెద్ద, అదే నాయక్, బండి తాళంచెవి తీసి గుప్పిట పెట్టుకుంటాడు. పిల్ల పాడినంతసేపూ బండి నోరెత్తకూడదు. పాట అయ్యాకే చెవి డ్రైవర్ చేతికొస్తుంది. బలరాం ఎన్ని పెళ్లిళ్లలో ఆ చెవి అందుకున్నాడో వాడికే లెక్క తెలియదు.

బలరాం కూతురు సంగీతకు అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో పనిచేసే పిల్లవాడితో సంబంధం కుదిరింది. అప్పటికే పూలిని దగ్గు పట్టి పీడిస్తోంది. దవాఖానా నుంచి తిరిగి వస్తూ ముందు సీట్లో కూర్చుని కొడుకుతో అంది.

"పిల్లను నా దగ్గర కూసోబెట్టు కొడుకా. ఇది నోటి నుంచి నోటికి పోవాల్సింది. దమ్మున్నప్పుడే చెప్తా."

"అది పరీక్షలల్ల ఉంది యాడీ. నువ్వు గిక్కడనే పాడు, బండి ఇంటది."

"లగ్గం లేకుండ ఢావ్లో పాడితే ఇంట్లకు ఏడుపును పిలిసినట్టు."

"ఇది ఇల్లెట్లయితది, బండి గద."

పూలి నవ్వింది. "నీకు కరెంటు పని గాదు, వకీలు సదువు సెప్పియ్యాల్సిందిరా," అంది.

టేకు చెట్ల నీడన ఇంజను ఆపి, చెవి మాత్రం తిప్పి ఉంచి, వాడు రికార్డు నొక్కి మైకు ముందుకు వంచాడు. మనవరాలిని పేరు పెట్టి పిలుస్తూ, దగ్గు వచ్చినచోట ఆగుతూ, పూలి మొత్తం పాడింది.

పరీక్షలు రాసి వచ్చిన సంగీత తండ్రిని అడిగింది. "బాపూ, ఆ పాట నా ఫోన్‌ల ఎయ్యి. నానమ్మ పక్కన కూసోని నేర్సుకుంట."

"ఎందుకు బిడ్డా కష్టం. లగ్గం నాడు నువ్వు మెట్టు మీద నిలబడంగనే బండే పాడుతది. చుట్టాలు నోరు తెరవాలె."

మంచంలో ఉన్న పూలి వింది. "పాడేది పిల్లరా, బండి గాదు," అంది. అది ముసలి మాటనుకున్నాడు బలరాం. చాదస్తం వాడిదే తల్లీ. పూలి పాట వినాలంటే తన బండే ఎక్కాలన్న గర్వం వాడి కళ్లు కప్పింది.

మిర్చి కోతల కాలంలో పూలి పోయింది.

అప్పటికైనా కాపీ తీశాడా, లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు సీట్లో కూర్చుని తల్లి గొంతు పెట్టుకునేవాడు. చెలమ మాట వచ్చేసరికి దుఃఖం ఆగేది కాదు, చెవి తిప్పి ఆపేసేవాడు. ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు.

పెళ్లినాడు టవేరాకు బంతిపూలు కట్టారు. సంగీత మెట్టు ఎక్కి నిలబడగానే బలరాం తెరను తాకాడు. కూతురి ఏడుపు కూడా తన తల్లి గొంతు పక్కనే పడి ఉండాలని, రికార్డు కూడా నొక్కాడు. నాలుగు తలుపుల్లోంచి పూలి గొంతు లేచింది. వాకిట్లో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నాయక్ దేవ్‌సింగ్ మాత్రం ఎప్పటిలాగే కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేశాడు.

"బండి నోరు మూస్తెనే పిల్ల నోరు తెరుస్తది," అన్నాడు.

మనవరాలి పేరు సగంలో తెగిపోయింది.

"నాయక్ మామా, చెవి ఇయ్యి. ఒక్కసారి ఇయ్యి," అన్నాడు బలరాం. వాడి గొంతు విని దేవ్‌సింగ్ వెంటనే ఇచ్చాడు. చెవి తిప్పితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా దిగి ఆగిపోయాయి. మళ్లీ తిప్పాడు. మళ్లీ అవే అక్షరాలు. రికార్డు రాసుకుంటుండగా ఊపిరి ఆగి, అనిల్‌కుమార్ చెప్పినట్టే కార్డు ఖరాబైంది. ఏ పెళ్లిలోనైనా చెవి తీస్తారని తెలిసినవాడు, తన కూతురి పెళ్లిలో తీస్తారని తలచనే లేదు.

సంగీత మెట్టు మీదే ఉంది. పాడాలి, నేర్చిన పాట లేదు. "బాపూ, నాకేం తెల్వదు," అంది మెల్లగా.

మగవాడు ఢావ్లో పాడడు తల్లీ, ఎక్కడా వినలేదు. కానీ బలరాం దిగి వచ్చి కూతురి మెడ పట్టుకుని చెవిలో ఒక్కో మాటా అందించాడు. మేకలు మళ్లొచ్చే వాకిలి నిండుగ ఉండాలె అన్నాడు. అమ్మాయి అదే అని ఏడ్చింది. నేను దోసిలి పట్టిన చెలమ ఎండకుండ ఉండాలె అన్నాడు. అమ్మాయి అంది. ఆ తరువాత ఏముందో వాడికి తెలియదు. తాను చెవి తిప్పి ఆపేసేది అక్కడే. కమ్లికీ రాదు, మిగతా ఆడవాళ్లకు వాళ్ల వాళ్ల పాటలే గుర్తున్నాయి. పాట అక్కడే ఆగింది. దేవ్‌సింగ్ ఇక పోనీయండి అన్నట్టు చెయ్యి ఊపాడు. అశ్వారావుపేట దాకా ఆ బండిలో ఎవరూ పాటలడగలేదు.

అనిల్‌కుమార్ కార్డు పట్టుకుపోయి తనకు తెలిసినదంతా చేశాడు. ఏమీ రాలేదు. బలరాం తెర విప్పి కమ్లి ట్రంకు పెట్టెలో పెట్టాడు. డాష్‌బోర్డులో ఆ కంత ఇప్పటికీ అట్లాగే ఉంది. ఎక్కినవాళ్లు అడిగితే, "పాటల్లేవన్నా" అంటాడు.

పల్లీలు అయిపోయాయి, పొట్టు నేను తీస్తాలే. ఆ రెండు మాటలూ ఒకసారి నా ముందర చెప్పు. మేకల వాకిలి, ఎండని చెలమ. ఆ, అంతే. మరిచిపోకు తల్లీ. నీ దగ్గర కూర్చునే పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు నువ్వూ అక్కడే ఆగు. తరువాత ఏముందని వాళ్లు అడుగుతారు. పూలి చెప్తానంటే బలరాం విననివ్వలేదని చెప్పు.