శీర్షాసనం పిన్ని

ఇరవై రెండో మ్యాట్ తుడిచి చుట్టబోతుంటే ఆమె ఎడమ మణికట్టు మొరాయించింది. నిన్న భర్త ఆ చేతిని వెనక్కి విరిచి, ఆమెను గోడకేసి అదిమి, అలాగే కాసేపు ఉంచాడు. ఎంతసేపు ఉంచాలో ఆయనకు బాగా తెలుసు. రోజూ పొద్దున, సాయంత్రం మేడమీది ఆ హాల్లో ఆయన నేర్పేది అదే: ఏ కీలు ఎంతవరకు తిరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది.

యోగా మాస్టారంటే ఆ వీధిలో అందరికీ గురి. గొంతు పెంచడు, నవ్వు చెరగనివ్వడు. ముప్పై ఏళ్లుగా ప్రాణాయామం చేసే మనిషికి కోపం ఎక్కడినుంచి వస్తుందని వాళ్ల లెక్క. ఊపిరి బిగబట్టి వదలడం వస్తే చాలు, మనసు వెన్నముద్దైపోతుందనుకునే అమాయకులు! ఊపిరి మీద పట్టున్నవాడు కొట్టేటప్పుడు ఆయాసపడడు, అంతే తేడా. ఆ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆమె ఒంటిమీది దెబ్బలకు కూడా వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మొదటిసారి కన్ను వాచినప్పుడు ఒకావిడ తనంతట తానే "ఆసనం వేస్తూ పడ్డారా?" అని అడిగింది. అవునంది. ఏ ఆసనమంటే నోటికొచ్చిన పేరు చెప్పేసింది. అప్పటినుంచి పదకొండేళ్లుగా ఆమె శీర్షాసనం పిన్ని. బతుకులో ఒక్కసారైనా తలకిందులుగా నిలబడని మనిషి! నొప్పి పుట్టకపోతే యోగా ఒంటబట్టదని నమ్మే రిటైరైన గుమాస్తా ఒకాయన "పిన్నిని చూసి నేర్చుకోండి" అని కొత్తవాళ్లకు చెప్పేవాడు. సొంత అక్కకు ఫోన్లో ఏడ్చి చెప్పుకుంటే, "ఆయనకి కోపమేంటే? నువ్వే రోజూ కాసేపు ధ్యానం చెయ్యి, కుదుటపడతావ్" అంది. తను చచ్చిపోయినా ఆసనం కుదరక పోయిందనే అంటారని ఆమెకు ఆ రోజే అర్థమైంది.

పొద్దుటి క్లాసు అయ్యి అందరూ వెళ్లిపోయినా, కొత్తగా చేరిన నర్సు మాత్రం కుళాయి దగ్గర ఆగింది. ప్రమాదాల వార్డులో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి.

"చేతికేమైంది?"

"శీర్షాసనం వేస్తూ పడ్డానండీ."

నర్సు ఆ మణికట్టును అరచేతిలోకి తీసుకుంది. ఒకవైపు నాలుగు మచ్చలు, రెండోవైపు ఒకటి.

"నేలకి వేళ్లుండవు కదమ్మా," అంది. "సాయంత్రం ఐదున్నరకి కింద కార్లో ఉంటా. మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. వస్తానంటే వచ్చెయ్."

గుమ్మంలో మాస్టారు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నర్సు మెట్లు దిగేదాకా నవ్వుతూనే ఉండి, గడియ పెట్టాడు.

"ఏం చెప్పావ్?"

"ఏం చెప్పలేదండీ."

"ఊపిరి తీస్కో," అన్నాడు, క్లాసులో చెప్పినంత మెత్తగా.

అలవాటు కొద్దీ ఆమె తీసుకుంది. పొట్టలో గుద్దాడు. ముందుకు వంగిపోతే జుట్టు పట్టి లేపి, మొహాన్ని కిటికీ కమ్మీకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె నోట్లో ఏదో ఊడి నాలుక మీద పడింది. పెదాలు బిగించుకుంది.

"నా గురించి చెప్తే నమ్మే నాథుడున్నాడా ఇక్కడ?" అని అడిగి, చేతులు కడుక్కుని, భోంచేసి, ఆయన శవాసనంలో హాయిగా నిద్రపోయాడు.

ఆమె నేలమీది రక్తం తుడిచింది. మెట్లదాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఐదింటికి మాస్టారు స్నానానికి వెళ్లగానే ఎప్పటిలాగే మ్యాట్లన్నీ వరసగా పరిచింది. మూడోసారి మెట్లన్నీ దిగింది. నర్సు ఆమె మొహం చూసి, సీటు బెల్టు తనే పెట్టి కారు తీసింది.

ఆరింటికి జనం వచ్చి కూర్చున్నారు. తెల్లబట్టల్లో మాస్టారు గుమ్మం దాటుతూనే "కళ్లు మూసుకోండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి" అన్నాడు. ఎవరూ మూసుకోలేదు. ముందు వరసలోంచి గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"పిన్ని ఏదండీ?" అన్నాడు.

మాస్టారి మ్యాట్ నడిమధ్యన, వేరుకు రక్తం నల్లగా ఎండిపోయి, ఒక పన్ను ఉంది.