సున్నా ఇంట్లో చేబదులు

నేను ఒక రోలప్ బోర్డుని. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: మందపు గుడ్డకి నల్లరంగు పూసి, పైనా కిందా రెండు కర్రలు బిగించి, మేకుకి తగిలించడానికో తాడు కడితే అది నేనే. చుట్టి చంకలో పెట్టుకుంటే చాపలా ఉంటాను. బస్సెక్కితే కండక్టర్లు కూడా చాపే అనుకునేవాళ్లు.

నన్ను చేసింది సిద్దిపేటలో దుకాణాలకి పేర్లు రాసుకునే ఒక పెయింటరు. రెండో పూత ఆరకముందే ఎండలో పడేశాడు, ఎడమ మూల బొబ్బలెక్కింది. అయినా టీచర్ ట్రైనింగ్ చదివే ఐలయ్య బేరమాడి మరీ కొనుక్కున్నాడు. అప్పట్లో వాళ్లకి పాఠం చెప్పడం కన్నా పాఠ్యపథకం రాయడమే పెద్ద పరీక్ష. ఐలయ్య నా మీద గుండ్రటి అక్షరాలతో "లక్ష్యం: విద్యార్థులు తీసివేతను అవగాహన చేసుకుంటారు" అని రాశాడు. వెనక బెంచీలో కూర్చున్న వాళ్ల లెక్చరర్ సారు లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా ఐలయ్యా, అవగాహన నీ కండ్లకు కనవడ్తదా? పిలగాని పొట్టలున్నదా, నెత్తిలున్నదా? వాడు ఏం జేసి సూపెడ్తడో అది రాయి!"

ఐలయ్య తుడిచేసి "చేసి చూపిస్తారు" అని రాశాడు. మార్కులొచ్చాయి. మార్కులొచ్చాక లక్ష్యంతో మనిషికి పనేముంటుంది? మర్నాడే నన్ను జూనియర్ అమ్మాయి మణెమ్మకి ఇచ్చేశాడు.

మణెమ్మ మాత్రం ఆ "చేసి చూపిస్తారు" అనే మాటని మార్కుల కోసం నేర్చుకోలేదు. ఉద్యోగం వచ్చిన చిన్న ఊళ్లో, బడి గోడ మీది బోర్డు పెచ్చులూడిపోతే నన్నే తగిలించుకుంది. రోజూ పొద్దున నా నెత్తిన ఆ రోజు లక్ష్యం రాసేది. "ఈ రోజు ప్రతి ఒక్కరూ" అని మొదలయ్యేది. ఒక పిల్ల లేచి పైకి చదవాలి. సాయంత్రం ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చి ఆ లెక్క చేసి చూపించాలి. అందరూ చేస్తే తుడుస్తుంది. ఒక్కరు చేయకపోయినా ఆ వాక్యం అలాగే ఉంటుంది, రేపు కూడా అదే పాఠం, వేరే దారిలో. ఇలాంటి మొండితనం నేను ఇంకెక్కడా చూడలేదు.

లక్ష్యం చదివే పిల్ల నాలుగో తరగతి జమున. చదవడంలో దాన్ని మించినవాళ్లు లేరు. లెక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతిలో సుద్ద చెమటకి తడిసిపోయేది. ఒకరోజు వాళ్లమ్మ పోశవ్వ చేతిలో కొడవలితోనే బడి గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, పత్తి తీసే రోజులొస్తున్నయి. దీనికి లెక్కలు ఎక్కుతలేవంట గద. ఎక్కనిదాన్ని కూసోవెట్టి ఏం జేస్తవు? దసరా దాక సూస్త. రాకపోతే నా ఎంబడి చేనుకు తోల్కపోత."

"వస్తది పోశవ్వా. నేను నేర్పిస్త. నువ్వు తొందరపడకు."

ఆ రోజు నుంచి నా మీద రాసే వాక్యం ఒక్క పిల్ల కోసమే అన్నట్టు ఉండేది.

అప్పుడు జరుగుతున్నది తీసివేత. మణెమ్మ ఇళ్లు గీసి చెప్పేది. ఇది ఒకట్ల ఇల్లు, ఇది పదుల ఇల్లు, ఇది వందల ఇల్లు. ఒకట్ల ఇంట్లో తక్కువైతే పక్కనున్న పదుల ఇంటికి చేబదులుకు పోవాలి. జమునకి ఇది బాగా అర్థమైంది. ఉప్పుకీ, పసుపుకీ అది రోజూ పోయే దారే. కానీ నాలుగు వందల రెండులోంచి నూట యాభై ఏడు తీసెయ్యమనేసరికి అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది బిడ్డా? పదుల ఇంటికి పో."

"ఆ ఇంట్ల సున్నా ఉన్నది టీచర్."

"ఉంటే?"

"లేనోల్ల ఇంటికి బదులుకు పోతె మా అమ్మ తిడ్తది. వాల్లు సిన్నవోతరంట."

పిల్లలు పడీ పడీ నవ్వారు. మణెమ్మకీ నవ్వొచ్చింది. అయితే నేరుగా వందల ఇంటికే పొమ్మంది. "పక్కింటోల్లను దాటిపోతె మర్యాద గాదు టీచర్," అంది జమున. ఎన్ని రకాలుగా చెప్పినా ఆ సున్నా ఇంటి గుమ్మం తొక్కలేదు. నా మీది వాక్యం చెరగకుండా రోజులు దొర్లాయి. మిగతా పిల్లలు అదే లెక్క కళ్లు మూసుకుని చేసేస్తున్నారు.

ఇంతలో ఆ చుట్టుపక్కల బడులన్నీ చూసే పెద్ద హెడ్మాస్టరు వచ్చాడు. మంచివాడే. నా వైపు చూసి నిట్టూర్చాడు.

"ఒక్క పిల్ల కోసం క్లాసంత ఆపుతవా మణెమ్మా? సిలబస్ మస్తు ఎనకవడ్డది. ప్రతి ఒక్కరు అని రాయమని నీకెవరు చెప్పిన్రు? చాలామంది అని రాయి. నీకు సుఖం, నాకు సుఖం."

మర్నాడు పొద్దున మణెమ్మ నా ముందు నిలబడి, బొటనవేలితో రెండు మాటలు తుడిచింది. "ఈ రోజు చాలామంది" అని రాసింది.

జమున లేచింది. "ఈ రోజు చాలామంది..." అని ఆగింది. మళ్లీ మొదటినుంచి వాక్యమంతా చదివింది, ఒక్క తప్పు లేకుండా. కూర్చుంది.

"చాలామందిల నువ్వు లేవే జమునా!" అని వెనక నుంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. మణెమ్మకి వినపడింది. డస్టరు ఎక్కడుందో వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగింది. డస్టరు బల్ల మీదే ఉంది.

మర్నాడు జమున రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దసరాకి ఇంకా రోజులున్నాయి.

మణెమ్మ ఆగలేక, ఒక సాయంత్రం బడి వదలగానే నన్ను చుట్టుకుని పోశవ్వ ఇంటికి నడిచింది. జమున అప్పుడే చేను నుంచి వచ్చింది. జుట్టులో పత్తి పోగులు, పత్తికాయల అంచులు గీసుకుని వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. మణెమ్మ నన్ను వాళ్ల తలుపు గొళ్లేనికి తగిలించి రాసింది: "ఈ రోజు జమున, మధ్యలో సున్నా ఉన్న సంఖ్య నుంచి తీసివేసి చూపిస్తుంది."

కింద అదే నాలుగు వందల రెండు లెక్క వేసి, పక్కన కూర్చుని అడిగింది. "బిడ్డా, మీ ఇంట్ల చక్కెర లేనప్పుడు ఎవరన్న బదులుకొస్తె మీ అమ్మ ఏం జేస్తది?"

"లేదని ఎట్ల చెప్తది టీచర్? వాల్లను కూసోమని, అవతలింట్ల తెచ్చి ఇస్తది."

"మరి సున్నా ఇంటోల్లు గూడ గంతే. వందల ఇంట్ల పది తెచ్చుకుంటరు. అండ్ల నుంచి నీకొకటిస్తరు. ఇంక తొమ్మిది వాల్లకే ఉంటయి."

జమున కళ్లు పెద్దవి చేసింది. "గట్లయితే సిన్నవోరు!" అంటూ సుద్ద అందుకుంది. నాలుగుని మూడు చేసింది, సున్నాని పది చేసి, పదిని తొమ్మిది చేసింది. రెండు వందల నలభై ఐదు. ఆ గీసుకుపోయిన వేళ్లు నా మీద ఎంత తేలిగ్గా కదిలాయో!

మణెమ్మ దాన్ని దగ్గరికి లాక్కుంది. "వచ్చింది పోశవ్వా, సూడు! రాకపోతేనే చేనుకు తోల్కపోతనన్నవు గద. రేపు పంపియ్యి."

పోశవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనొద్దంటలేనమ్మా. మొన్నటి సంది నేనే పొమ్మంటున్న. అదే రానంటున్నది."

మణెమ్మ జమున వైపు చూసింది. పిల్ల సుద్దని గడప మీద జాగ్రత్తగా పెట్టింది.

"చేన్ల మంచిగున్నది టీచర్."

"ఏం మంచిగున్నది బిడ్డా ఆ ఎండల?"

"సాలు వట్టి అందరం పత్తి తీస్కుంట పోతం గద..." జమున నేల చూపులు చూస్తూ అంది. "ఆడ నా కన్న ఎనక ఇద్దరుంటరు."

మణెమ్మ ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లిందో, ఎంత బతిమాలిందో నాకు తెలియదు. నన్ను తీసుకెళ్లలేదు. మర్నాడే బడికి పచ్చరంగు గోడబోర్డు వచ్చింది, నేను బీరువా పైకి చేరాను. ఇప్పుడక్కడ ఇంకో టీచరు ఉంది. బూజు దులిపేవాళ్లు నన్ను చాప అనుకుని పక్కకు జరుపుతారు.

పోశవ్వ ఇంటి దగ్గర ఆ సాయంత్రం మణెమ్మ నన్ను తుడవకుండానే చుట్టేసింది. లెక్క ఇంకా నా లోపలే ఉంది. అందులో తప్పేమీ లేదు. ఎవరు విప్పి దిద్దినా టిక్కు పెట్టాల్సిందే.