గడియ లేని తలుపు

"నీ గదికి మంచి రోజులొచ్చాయోయ్," అన్నాడు భర్త, సోఫాలో కాళ్ళు చాపుకుని ఫోను ఆమె వైపు తిప్పుతూ.

ఆమె అప్పుడు మేజోళ్ళకు జతలు వెతుకుతోంది. ఆ ఇంట్లో మేజోళ్ళు ఉతకడానికి జంటగా వెళ్ళి ఒంటరిగా తిరిగొస్తాయి. నీ గది అనగానే ఏ గదో ఆమెకు చప్పున తట్టలేదు. పడకగదిలో సగం ఆయనది, తక్కిన సగం ఆయన ఇస్త్రీ చొక్కాలది. వంటగది అత్తగారిది, గిన్నెలు తోమే వేళ తప్ప. ఇక మిగిలింది వెనకాల బట్టలుతికే గది.

ఫోనులో ఆడపడుచు ఈమధ్యే చేయించుకున్న బట్టలుతికే గది ఫోటో ఉంది. గోడలకు తెల్లటి చెక్కపలకలు, నల్లటి ఇనుప పిడులు, పసిపిల్లను కూర్చోబెట్టి స్నానం చేయించేంత సింకు, సబ్బుపొడి నింపిన గాజు సీసాలు, వరసగా వెదురు బుట్టలు.

"మోడ్రన్ ఫామ్‌హౌస్ స్టైలంటే ఇదే. పల్లెటూరి ఇల్లులా ఉంటుందన్నమాట, కానీ నీటుగా. మా అక్క వాళ్ళింటికి వచ్చినవాళ్ళంతా ముందు ఆ గదే చూస్తున్నార్ట."

ఈ ఇంట్లో ఎవరూ పల్లెటూళ్ళో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. ఆ మాట ఆమె అనలేదు. ఆమె చూపు తలుపు దగ్గర ఆగిపోయింది. రెక్క తెరుచుకునే తలుపు కాదది. పైన ఇనుప కమ్మీ మీద చక్రాలతో పక్కకి జరిగే పెద్ద చెక్క తలుపు.

"దీనికి గడియ ఎక్కడుంటుందండీ?"

"గడియెందుకే? మాసిన బట్టల్ని దొంగలెత్తుకుపోతారా?"

అత్తగారు పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఆ ఇంట్లో స్నానాలగది కాక ఆమె ఒక్కతే లోపలుండి గడియ పెట్టుకోగలిగేది ఆ బట్టలుతికే గదొక్కటే. ఇల్లు కట్టినవాడు ఏ పరధ్యానంలో బిగించాడో గానీ, ఆమె ప్రాణం ఆ గడియ మీదే నిలబడి ఉంది. కొత్తల్లో ఒకసారి వాషింగ్ మిషను తిరుగుతుండగా అత్తగారు ఏదో అడగడానికి వస్తే, ఆమె మామూలుగానే, "అత్తయ్యా, ఈ కొస పట్టుకోండి," అని తడి దుప్పటి అందించింది. ఇంకోసారి భర్త వస్తే బకెట్టు ఆయన చేతికొచ్చింది. కూతురొస్తే క్లిప్పుల డబ్బా. అంతే, అప్పటినుంచి మిషను చప్పుడు వినిపిస్తే చాలు, ఎవరూ ఆ వైపు తొంగిచూడరు. ఇల్లు తగలబడుతున్నా ముందు మిషను ఆగనిచ్చి అప్పుడు పిలుస్తారు. ఈ సంగతి ఆమెకు కొన్నాళ్ళకు అర్థమైంది. అర్థమయ్యాక, బట్టలు లేని రోజున కూడా రెండు శుభ్రమైన తువ్వాళ్ళు మిషనులో పడేసి, మీట నొక్కి, గడియ పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

కూర్చుని ఏం చేస్తుంది? ఏమీ చేయదు. అక్కడ చేయాల్సిన పని అదే. కొరియరు కంపెనీలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా, పోయిన పార్సిళ్ళ గురించి అరిచేవాళ్ళకు ఫోనులో "క్షమించండి" అని చెప్పడం ఆమె ఉద్యోగం. "నీ గొంతులో ఓర్పుందమ్మా," అంటూ మరీ కోపిష్టివాళ్ళను ఏరి ఆమెకే తగిలిస్తాడు మేనేజరు. ఆ ఓర్పుకు జీతం పెరగలేదు గానీ, ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు కోసి పంచే పని కూడా ఆమెకే వచ్చింది. ఇంటికొస్తే ఉప్పు తక్కువైనందుకు, చొక్కా గుండీ ఊడినందుకు, కూతురి మార్కులు తగ్గినందుకు మళ్ళీ అదే మాట. ముప్పావుగంట సేపు ఎవరికీ క్షమాపణ చెప్పకుండా ఉండడానికి ఆమెకు ఆ గది కావాలి. నిజం చెప్పాలంటే, ఆ ముప్పావుగంట ఉంది కాబట్టే మిగతా రోజంతా నెట్టుకొస్తోంది.

"ఈ ఇంట్లో తువ్వాళ్ళేంటో ఇట్టే చీకిపోతాయి!" అని అత్తగారు ఆశ్చర్యపోయినప్పుడల్లా ఆమె నేల చూపులు చూసేది.

డిజైనరు అమ్మాయి వచ్చింది. చలాకీ పిల్ల, చేతిలో టాబ్లెట్టు, నోటినిండా "మేడమ్". కొలతలు తీసి, హాల్లో టీవీ గోడను వేలితో కొట్టి చూసి, "నీళ్ళ పైపు ఈ టీవీ వెనకనుంచే వెళ్తోంది సార్, మనకు ఏ ఇబ్బందీ లేదు," అంది. టాబ్లెట్టులో రాబోయే గది బొమ్మ చూపిస్తే అందరూ మూగారు.

"మూడు బుట్టలు మేడమ్, పేర్లతో. సార్‌ది, నానమ్మగారిది, పాపది."

"మరి నావి?"

"నీవి వాటిల్లోనే ఏదో ఒకదాంట్లో పడేస్తావుగా," అన్నాడు భర్త. మూడు బుట్టలూ మోసేది ఆమేనాయె, నాలుగోది దేనికి అనుకున్నాడు కాబోలు.

సింకు పైన గోడకు చెక్క పలక ఒకటి ఉంది. దాని మీద అందమైన అక్షరాలు: ఉతుకు, ఆరెయ్యి, మడతపెట్టు, మళ్ళీ మొదలెట్టు. కూతురు పడీపడీ నవ్వి, "అమ్మా, నీ కోసమే రాసినట్టుంది!" అంది. పిల్ల మనసులో ఏమీ లేదు. అందుకే అది మరీ గుచ్చుకుంది.

"మిషను కూడా కొత్తది తీసుకుందాం," అన్నాడు భర్త ఉత్సాహంగా. "ఎన్ని బట్టలున్నాయో, ఎంతసేపు తిరిగిందో అన్నీ నా ఫోనుకే వచ్చేస్తాయి. నీకు బుర్ర పెట్టే పనే ఉండదు."

గడియ పోతే పోయింది, తలుపు జరగకుండా బకెట్టు అడ్డం పెట్టుకుంటానని ఆమె అప్పటిదాకా మనసులో సర్దుకుంటోంది. ఇప్పుడు మిషనే చాడీలు చెప్పేట్టుంది. ఆ వారమంతా అన్నం సయించలేదు. ఆఫీసులో ఎవరో పార్సిలు అందలేదని అరుస్తుంటే, ఆ అరుపుల మధ్య చక్రాల తలుపు జరుగుతున్న చప్పుడు వినిపించింది. వద్దని చెబుదామంటే ఏమని చెప్పాలి? సొంత మనుషుల నుంచి దాక్కుంటున్నానని చెప్పుకోవడం కంటే సిగ్గుచేటు ఏముంది? పైగా ఆయన ప్రేమగా చేయిస్తున్నాడు. నీ గది, నీ గది అంటూ ఊరంతా చెప్పుకుంటున్నాడు. కాదంటే విశ్వాసం లేని మనిషినవుతాను. ఇలా తనలో తానే వాదించుకుని, చివరకు తానే ఓడిపోయేది.

ఆదివారం పొద్దున ఆమె తువ్వాళ్ళు పడేసి, గడియ పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి తలుపు దబదబా మోగింది. మిషను తిరుగుతుండగా ఆ తలుపు మోగడం ఎన్నడూ లేదు.

"తియ్యి!" అన్నాడు భర్త బయటనుంచి. "డిజైనరమ్మాయి వచ్చింది, మిషను కొలత మర్చిపోయిందట. అసలు గడియెందుకు పెట్టుకున్నావు?"

తీయక తప్పలేదు. నలుగురూ ఒక్కసారే లోపలికొచ్చేసరికి గదిలో గాలి చాల్లేదు. "కొత్తదీ ఈ సైజుదే కదా, మూత ఎంత ఎత్తు లేస్తుందో చూడాలి మేడమ్, ఒక్క నిమిషం," అంటూ ఆ పిల్ల మీట నొక్కి మిషను ఆపి మూత ఎత్తింది. సబ్బు నురగ కూడా లేని తేట నీళ్ళు. అడుగున పలచబడిన తువ్వాళ్ళు రెండు.

అత్తగారు వంగి చూసింది. "ఇవి నిన్ననే మడతపెట్టి పెట్టావు కదే! ఉతికినవే మళ్ళీ ఉతుకుతున్నావా?"

"ఏంటిది?" అన్నాడు భర్త. "బట్టల్లేకుండా మిషనెందుకు తిప్పుతున్నావు? ఇక్కడేం చేస్తున్నావసలు?"

క్షమించండి అనే మాట అలవాటు కొద్దీ నాలుక చివరికి వచ్చేసింది. రోజుకు వందసార్లు అనేదే, ఇంకొక్కసారి అంటే ఒడ్డున పడేది. కానీ ఇది ఆమె క్షమాపణ చెప్పని గది. ఇక్కడ కూడా అనేస్తే ఆ మాట లేని చోటంటూ ఆమెకు ఇంక మిగలదు. ఆ ఆలోచనకే ఎక్కువ భయమేసింది. తిట్లకన్నా, సిగ్గుకన్నా ఎక్కువ.

"కూర్చుంటున్నాను," అంది.

"కూర్చోవడమేంటి?"

"ఊరికే. ఎవరూ పిలవకుండా. మిషను తిరుగుతుంటే మీరెవరూ రారు కదండీ."

కూతురు బోర్లించిన బకెట్టు వైపు చూసింది, తర్వాత తల్లి వైపు చూసింది.

ఆమె డిజైనరు అమ్మాయి వైపు తిరిగింది. "నీళ్ళ పైపు టీవీ వెనకనుంచి వెళ్తోందన్నావు కదమ్మా. మిషను అక్కడ పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు మేడమ్... కానీ హాల్లో..."

"హాల్లోనే. బుట్టలు కూడా అక్కడే. ఎవరి బుట్ట వాళ్ళకు దగ్గరగా ఉంటుంది. ఆ పలక కూడా అక్కడే తగిలించు, అందరికీ కనబడేలా."

"మతిపోయిందా నీకు?" అన్నాడు భర్త. "మరి ఈ గదో?"

"నా గదే అన్నారుగా. దీనికి ఒక కుర్చీ చాలు. తలుపు మాత్రం ఇదే ఉంచండి."

ఆమె తువ్వాళ్ళు తీసి, పిండి, తడిగానే భర్త చేతిలో పెట్టింది. ఏం చేయాలో తెలియక ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన వెనక అత్తగారు, ఆ వెనక కూతురూ, డిజైనరు అమ్మాయీ గుమ్మం దాటారు. ఆమె తలుపు మూసి గడియ వేసింది. ఆ ఇంట్లో మిషను చప్పుడు లేకుండా ఆ గడియ పడడం అదే మొదటిసారి.