ఏడున్నరలో పోయిన ఒకటిన్నర

సగటు కట్టడంలో ఈ అమ్మాయిని మించినవాళ్లు చుట్టుపక్కల పది కాలేజీల్లో లేరు. ప్యూను సెమిస్టర్ గ్రేడ్ల కాగితానికి చివరి పిన్ను గుచ్చేలోపే నోటిలెక్కగా తేల్చేసింది: ఏడున్నర! లెక్కలు, ఫిజిక్సుల్లో ఐదేసి, వర్క్‌షాపు, డ్రాయింగుల్లో పదేసి. మొత్తం ముప్ఫై, నాలుగుతో భాగిస్తే సరి. మెకానికల్ బ్రాంచిలో ఉండడానికి ఆరున్నర చాలు. పంపులు బాగుచేసే నాన్న సాయంత్రానికల్లా వీధంతా చాటింపు వేశాడు.

మర్నాడు ఆఫీసువాళ్లు అతికించిన సగటు ఆరు.

పది కాలేజీలన్నాను గదా, తొమ్మిది కొట్టేయండి. మిగిలినదాంట్లోనూ ఆమెది వెనక బెంచీయే.

"ఊరంతా ఊదరగొట్టాను కదమ్మా! ఆ ఒకటిన్నర ఎవరు మింగారు?" అన్నాడు నాన్న.

"మింగినవాళ్ల చేత కక్కిస్తా చూడు" అని ఆమె తిన్నగా బ్రాంచి పెద్ద హెచ్‌వోడీ సార్ గదిలోకి దూసుకుపోయింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ తాపీగా చెప్పాడు. "లెక్కలు, ఫిజిక్సు నాలుగేసి క్రెడిట్లు. మిగతా రెండూ ఒక్కో క్రెడిటే. ప్రతి గ్రేడునీ దాని క్రెడిట్లతో హెచ్చవేసి కూడాలి. ఇరవై, ఇరవై, పది, పది. అరవై అయ్యాయా? క్రెడిట్లు పది. సగటు ఆరు."

"వేళ్లు కాల్చుకున్న వర్క్‌షాపుకి ఒక్క క్రెడిటా సార్? బెంచీ మీద కునుకు తీసే క్లాసుకి నాలుగా?"

"కునుకు తీశావు కాబట్టే ఐదొచ్చింది."

ఆమెకు చెవులు వేడెక్కాయి. లెక్కలో తప్పు లేదు, అదే ఇంకా మండించింది.

"నీ మేలు కోరి చెప్తున్నా, తేలిక బ్రాంచికి మారిపో. ఆరు దగ్గరున్నవాళ్లు ఇక్కడ నిలదొక్కుకోలేదు."

"ఆరున్నర చూసేది ఏడాది చివర కదా సార్, రెండు సెమిస్టర్లూ కలిపి?"

"రూలయితే అదే."

ఆమె సుద్దముక్క తీసుకుని గోడ మీది బోర్డు దగ్గరికి నడిచింది. "వచ్చేసారీ ఇవే క్రెడిట్లు. ఇరవై క్రెడిట్లకి నూటముప్ఫై కావాలి. అరవై చేతిలో ఉన్నాయి. ఇంకో డెబ్బై. చిన్నవాటిలో ఇరవై ఎవడూ ఆపలేడు. లెక్కల్లో ఏడు, ఫిజిక్సులో ఆరు వస్తే యాభై రెండు. రెండు మిగుల్తాయి కూడా!"

"వస్తే కదా!"

"రాకపోతే అప్పుడు గెంటండి. ఇప్పుడు మాత్రం కదలను."

అని బల్ల మీద ఒక్కటి చరిచింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పైకప్పు మీది పావురాలు లేచి పక్క ఊరు చేరేదాకా రెక్క దించలేదు.

"ఎవరూ మింగలేదు నాన్నా, లేనిది నేనే వడ్డించాను" అంది ఇంటికొచ్చి. "వెళ్లి వీధిలో ఆరని చెప్పు."

"నేనా! ఏ మొహంతో చెప్పనే?"

"ఏడున్నర చెప్పిన మొహంతోనే. ఏడాది చివర మళ్లీ చెప్పాలి, అలవాటు చేసుకో."

చెప్పాడు పాపం. ఏడాది చివరా చెప్పాడు, ఈసారి గొంతు పెంచి: ఆరు పాయింట్ ఆరు. పిల్ల బ్రాంచి మారలేదు.

పావురాలు మాత్రం నా చేర్పు. ఆ కాలేజీది నున్నటి ఏటవాలు రేకుల కప్పు, కాకి వాలినా జారిపోతుంది.