చెయ్యి వాసన

పార్కు గేటు దాటి నాలుగడుగులు వేశాడో లేదో, ఆదాం మళ్ళీ కుళాయి దగ్గరికి నడిచాడు. పొద్దున సెనగపిండితో రుద్దుకున్న చేతులే. మధ్యాహ్నం మజ్జిగతో కడిగాడు, బస్సు దిగగానే సబ్బుతో ఇంకోసారి కడిగాడు. అయినా మనసు నిలవదు. చెట్టు కింద నిలబడ్డ ఆరేళ్ళ కూతురు నాజియా మాత్రం అదేమీ పట్టనట్టు చెరువు వైపు చూస్తోంది.

ఆదాం గుంటూరు మిర్చియార్డులో ముఠా కూలీ. టిక్కీలనే మిరపకాయల బస్తాలు వీపున మోసే మనిషి. ఆ ఘాటు చొక్కాతో పోయేది కాదు. గోళ్ళ సందుల్లోకి, అరచేతి గీతల్లోకి దిగి కూర్చుంటుంది. నాజియా పసిదిగా ఉన్నప్పుడు ఓ సాయంత్రం గుమ్మంలో పడి ఏడుస్తుంటే, అప్పుడే పని నుంచి వచ్చినవాడు ప్రాణం ఆగక ఎత్తుకుని బొటనవేలితో కన్నీళ్ళు తుడిచాడు. అంతే! పిల్ల పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చి గుమ్మంలో నిలబడింది.

అప్పట్నుంచీ తండ్రి చెయ్యి పట్టుకోవాలంటే ముందు వాసన చూస్తుంది. ముక్కు ఎగబీల్చి, కాసేపు ఆలోచించి, దయ కలిగితే ఒక్క వేలు పట్టుకుంటుంది. మొహం మీదికి మాత్రం ఆ చెయ్యి రానివ్వదు. ముద్ద పెట్టినా తల్లే, జడ వేసినా తల్లే. యార్డులో ఎవరేమన్నా నవ్వేసే ఆదాంకి, కన్నబిడ్డ అలా వాసన చూసిన ప్రతిసారీ గుండెలో కలుక్కుమనేది.

ఇప్పుడు యార్డుకు వేసవి సెలవులు. "ఈ నాలుగు రోజులన్నా పిల్లని మచ్చిక చేసుకో. నేను రాను. నేనుంటే నా కొంగు వదలదు," అని భార్య నగ్మా ఇద్దర్నీ సాగనంపింది.

కడిగిన చెయ్యి చాచాడు. నాజియా వాసన చూసింది.

"సబ్బు," అని ఒక వేలు పట్టుకుంది. అదే పదివేలనుకున్నాడు.

చెరువు మధ్య దిబ్బ మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. వాటి పక్కనుంచి ఓ గూడబాతు తీరుబడిగా ఈదుకుంటూ వచ్చింది.

"నాన్నా, దాని మూతికి సంచి ఉంది!"

"చేపలు మోసుకుంటది తల్లీ."

"నీకు మల్లే కూలీయా?"

ఆదాం పకపకా నవ్వాడు. కానీ కుదురుగా కూర్చోలేకపోయాడు. బెంచీ మీద కూర్చుంటాడు, లేస్తాడు. పడవ ఎక్కుదామా అంటాడు, ఉయ్యాల ఊగుతావా అంటాడు. పిల్లకేమో పక్షి చాలు. పొద్దు వాలుతోంది, ఒక్క వేలు రెండో వేలు దాకా కూడా పోలేదు. ఏదో ఒకటి కొనిపెట్టాలి అనిపించి మామిడికాయ ముక్కల బండి దగ్గరికి పోయాడు.

"ఉప్పుకారం వెయ్యమంటావా అయ్యా?" అంది బండామె.

గుంటూరు నోరు ఊరుకుంటుందా? "దండిగా వెయ్యమ్మా!" అనేశాడు.

నాజియా పొట్లం దగ్గరికి ముక్కు పెట్టి, తల అడ్డంగా ఊపింది. పారెయ్యడం ఎందుకని అన్నీ తనే తిన్నాడు, వేళ్ళు నాకాడు కూడా. పొద్దుటి నుంచీ కడిగిన కడుగుడంతా గంగలో కలిసిన సంగతి ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

సాయంత్రమయ్యేసరికి గట్టు మీద పురుగులు లేచాయి. ఒకటి నాజియా కంట్లో పడింది. "అమ్మా!" అని ఏడుస్తూ చుట్టూ చూసింది. అమ్మ లేదు. పరుగెత్తుకుంటూ వచ్చి మొహం పైకెత్తి తండ్రి ముందు నిలబడింది.

ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మొహం! ఆదాం చెయ్యి దానంతటదే లేచింది. రెప్ప దాకా పోయిన వేళ్ళు ఎర్రగా కనబడ్డాయి. చేతులు రెండూ గబుక్కున వీపు వెనక్కి లాక్కున్నాడు.

"చెయ్యి పెట్టనమ్మా... కారం అంటింది. నేనే అంటించుకున్నా, బుద్ధి లేనోణ్ణి." ఇంక ఈ జన్మకి నా దగ్గరికి రాదు అనుకున్నాడు.

నాజియా ఏడుపు ఆపి, ఒంటికన్నుతో అతన్ని చూసింది.

"అయితే ఊదు," అంది.

గౌను అంచుతో తనే రెప్ప పట్టుకుంది. ఆదాం మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మూతి భుజానికి తుడుచుకుని, చేతులు వెనకే ఉంచుకుని, మెల్లగా ఊదాడు. మళ్ళీ ఊదాడు. నీళ్ళతో పాటు పురుగు జారిపోయింది.

తిరిగి వెళ్ళేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడుస్తున్నాడు. వెనక నుంచి ఎవరో చెయ్యి లాగారు.

"వద్దు తల్లీ, కారం ఉంది."

"తెలుసు. చెప్పావుగా. నా చిన్నప్పుడు చెప్పలేదు," అంది నాజియా. వాసన చూడలేదు. తన అరచెయ్యి మొత్తం అతని చేతిలో పెట్టేసింది. "ఇప్పుడు నాకూ అంటింది. ఇంటికెళ్ళి అమ్మ కడిగేదాకా మనిద్దరం కళ్ళు తుడుచుకోకూడదు. సరేనా?"

"సరే," అన్నాడు ఆదాం. అప్పటికే కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకునే వీల్లేదు. గేటు దగ్గర కుళాయి పక్కనుంచే వెళ్ళారు, ఈసారి ఆగలేదు.