ఊపిరి ఎవరిది

లర్లీన్ తన మొగుడు క్లియోఫస్ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. అవి తొడిగే మనిషి సముద్రాల అవతల ఉన్నాడు. అయినా అత్త అర్జెల్లా ఊరుకుంటేనా? "వాడొచ్చేసరికి బీరువా నిండుగా ఉండాలే పిల్లా! దేశం పంపితే వెళ్ళిన మగాడు!" కాన్సస్ సిటీలో ఆ మగాణ్ణి నల్లవాడని ముందు గుమ్మంలోంచి రానివ్వని హోటళ్ళు ఇంకా ఉన్నాయి. ఇప్పుడేమో జాజ్ అంటే అమెరికా, అమెరికా అంటే క్లియోఫస్ ట్రంపెట్ అని సర్కారే అతన్ని దేశదేశాల కచేరీలకి పంపి చాటుతోంది.

యుద్ధానికి మగవాళ్ళు పోయినప్పుడు ఆడవాళ్ళ బ్యాండులో లర్లీనే ట్రంపెట్ ఊదేది. జనం కుర్చీలెక్కి ఈలలేసేవారు. క్లియోఫస్ తిరిగొచ్చి పెళ్ళాడాక, "ఆ బూర ఊది ఊది నీ పెదాలు మొద్దుబారితే నేనెవరిని ముద్దుపెట్టుకోవాలే?" అంటూ దాన్ని మంచం కిందికి తోసేశాడు. అప్పుడు తనూ నవ్వింది. ఆ నవ్వే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చలికాలం కచేరీకి ముందు అతని ట్రంపెట్ మౌత్‌పీస్‌ని, పెదాలానించి ఊదే ఆ ఇత్తడి మొనని, గుప్పిట పట్టి, ఊపిరితో వెచ్చచేసి ఇవ్వడం మాత్రం ఆమె పనే. చల్లటి ఇత్తడి తగిలితే అయ్యగారి పెదవి బిగుసుకుపోతుందట. ప్రయాణంనాడు తనది వదిలేసి ఆమె మౌత్‌పీస్ జేబులో వేసుకున్నాడు. "ఇందులో నీ వెచ్చదనం ఉందే," అన్నాడు.

మధ్యాహ్నం రేడియోలో కచేరీ మొదలైంది. "వినండి, ఇదీ అమెరికా మగవాడి గొంతు!" అన్నాడు ప్రకటించేవాడు. లర్లీన్ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ప్రతి వరసకి ముందూ గాలి పీల్చిన చప్పుడు, దాని చివర చిన్న గరగర. చిన్ననాటి ఉబ్బసం మిగిల్చిన గరగర అది. తనది! తను పీలిస్తే రేడియో పీలుస్తోంది. తను వదిలితే ట్రంపెట్ మోగుతోంది.

ఊపిరి బిగపట్టింది. ట్రంపెట్ సగంలో తెగిపోయింది. రేడియోలో, జనం మధ్య ఎవరో దగ్గారు. వదిలింది, మోగింది. మళ్ళీ గుండెల నిండా పీల్చి బిగపట్టింది.

వంటింట్లో మొక్కజొన్న రొట్టె కోస్తున్న అత్త చాకు పడేసి పరుగున వచ్చింది. రేడియో వంక చూడనే లేదు, కోడలి రొమ్ము వంకే చూసింది.

"వదలవే తల్లీ, వదులు! వాడి పరువు పోతోంది. నేను మీ మామకి ఆయన పోయేదాకా నా ఊపిరి ఇవ్వలేదూ?"

లర్లీన్ వదల్లేదు. మంచం కిందినుంచి తన ట్రంపెట్ లాగింది. క్లియోఫస్ వదిలివెళ్ళిన మౌత్‌పీస్ మంచులా ఉంది. దాన్ని గుప్పిట్లో వెచ్చచేసుకుని, బిగించి, పెదాలకి ఆనించుకుంది.

అప్పుడు వదిలింది.