అమ్మ వేషం

"నడుం లాగేస్తోందా? ఆ బట్టలు నేను మడతపెడతాలే, నువ్వు కాసేపు కూర్చో" అన్నాడు భర్త. ఆమె చేతిలోని దిండుగలీబు చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి మడతపెట్టింది పేపరు ఒక్కటే, అదీ సగమే. ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అని ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

అనుమానానికి కారణం లేకపోలేదు. కూతురు చదివే బడిలోనే ఆమె వారానికి రెండు పూటలు పిల్లలకు నాటకం నేర్పుతోంది. వచ్చే నెల నుంచి రోజంతా రమ్మని, ఉద్యోగం ఖాయం చేస్తానని హెడ్మిస్ట్రెస్ అడిగింది. సోమవారంలోగా ఏ సంగతో చెప్పాలి. ఇంట్లో ఆ మాట ఎత్తగానే అత్తగారు, "పిల్లల చేత గంతులేయించడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని మూతి తిప్పుకుంది. భర్త మాత్రం గొంతు పెంచలేదు. అదే ఆమెకు మింగుడుపడటం లేదు. పైగా ఆమె నోరు తెరవకముందే జవాబు సిద్ధంగా పెట్టుకుంటున్నాడు. "పొద్దున్నే వండేసి వెళ్తానంటావు, నాకు తెలుసు. నా బెంగంతా నీ నడుం గురించే" అన్నాడొకసారి. "పిల్ల నా కళ్లముందే ఉంటుందంటావు, నిజమే. కానీ నీ రిహార్సల్ అయ్యేదాకా అది ఆకలితో కూర్చోవాలిగా" అన్నాడు ఇంకోసారి. ఇంట్లో ఎవరితోనూ అనని మాటలు ఇతనికెలా తెలుస్తున్నాయి? ఫోన్ చూస్తున్నాడేమోనని లాక్ మార్చింది. నిద్రలో పలవరిస్తున్నానా అని కూతుర్ని అడిగింది. ఆ పిల్ల కిసుక్కున నవ్వి పారిపోయింది.

ఆమె క్లాసులో ఒక ఆట ఉంది. దెబ్బలాడుకున్న ఇద్దరు పిల్లల్ని పిలిచి చోట్లు మార్పిస్తుంది. కొట్టినవాడు దెబ్బ తిన్నవాడిలా మాట్లాడాలి. వెక్కిరించకూడదు, వాడేమంటాడో అచ్చం అదే అనాలి. మొన్న ఒక మొండిఘటం, తను ఏడిపించిన పిల్ల మాటలు చెబుతూ చెబుతూ తనే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎదుటివాళ్ల బాధ తెలిస్తే చాలు, ఇక ఎవరూ ఎవర్నీ బాధపెట్టరని ఆమె నమ్మకం. ఇంట్లో ఆమె ఓర్పు కూడా ఆ నమ్మకం మీదే నిలబడింది. పాపం ఆయనకి అర్థం కావట్లేదు, అర్థమైన రోజు మారతాడనుకుంటూ నెట్టుకొచ్చింది. ఆ ఆటలో అందరికన్నా చురుకు ఆమె కూతురే.

ఆదివారం మధ్యాహ్నం మేడ మీద ఆరిన దుప్పట్లు తీసుకుని దిగుతుంటే, పడగ్గదిలోంచి ఆమెకు తన మాటలే వినబడ్డాయి.

"అత్తయ్యగారి మందులు తీసిపెట్టి వెళ్తాను కదండీ. సాయంత్రం మీరు ఇవ్వలేరా?"

తలుపు సందులోంచి చూసింది. కూతురు భుజాన తువ్వాలు వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. మంచం మీద తండ్రి.

"ఇదిగో, ఇలా అంటే నేనేమనాలి?" అన్నాడతను.

"కోప్పడకు నాన్నా. కోప్పడితే అమ్మ మాట్లాడుతూనే ఉంటుంది. మొహం దిగులుగా పెట్టి ఊరుకో. అప్పుడు చూడు..." ఆ పిల్ల తువ్వాలుతో మెడ తుడుచుకుని, కిటికీ వైపు తిరిగి, చిన్నగా ఊపిరి వదిలింది. "సరేలెండి, మీ ఇష్టం."

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. తనను ఇంత శ్రద్ధగా చూసిన మనిషి ఈ ఇంట్లో ఒకరున్నారని ఆమెకు గర్వంగా అనిపించింది, తను ప్రతిసారీ అలా ఓడిపోవడాన్ని పిల్ల కంఠతా పట్టేసిందని సిగ్గూ వేసింది. ఆ తర్వాత భర్త మొహం చూసింది. అతనికి తన నడుం నొప్పి తెలుసు, తనకు బడంటే ఎంత ప్రాణమో తెలుసు, ఏ మాటకు ఎక్కడ మెత్తబడుతుందో కూడా తెలుసు. ఇన్నాళ్లూ అతను చేసింది అర్థం కాక కాదు. అర్థమయ్యే చేస్తున్నాడు. ఆమెకు దుఃఖం రాలేదు, మండుకొచ్చింది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. కూతురు మొహం వెలిగిపోయింది. "అమ్మా, బాగా చేశానా? నాన్న రోజూ ఆడదామంటున్నాడు!"

"చాలా బాగా చేశావు తల్లీ. చివరి మాట ఒక్కటే తప్పు."

భర్త గబుక్కున లేచి కూర్చుని, అప్పుడే నేర్చుకున్న దిగులు మొహం పెట్టాడు.

"మరి ఏమనాలమ్మా?"

ఆమె దుప్పట్లు అతని ఒళ్లో పడేసి, ఫోన్ తీసి హెడ్మిస్ట్రెస్‌కి చేసింది.

"మేడమ్, ఉద్యోగానికి ఒప్పుకుంటున్నాను... ఇంట్లో మాట్లాడానా అంటారా? అక్కర్లేదండీ. వీళ్లకి నా సంగతి అంతా తెలుసు."